మీ ఊరి పౌర గ్రంథాలయాన్ని పూర్తిగా వినియోగించుకోవడం ఎలా?

ఇంటి పన్ను రసీదును ఒకసారి బయటికి తీసి చూస్తే, పద్దుల వరుసలో గ్రంథాలయ పన్ను అనే చిన్న మొత్తం కనిపిస్తుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద స్థానిక సంస్థలు ఆస్తి పన్నుతో కలిపి వసూలు చేసే ఈ సెస్సు రూపాయికి 8 పైసలు. ఏటా 2,000 రూపాయల ఇంటి పన్ను కట్టే కుటుంబం గ్రంథాలయాల కోసం మరో 160 రూపాయలు కడుతోందన్నమాట. ఇలా కట్టేవారిలో చాలామందికి గ్రంథాలయం అంటే పొద్దున్నే దినపత్రికలు తిరగేసే గది మాత్రమే. అక్కడ లభించే సేవల్లో ఎక్కువ భాగం గుమ్మంలో నిలబడి చూస్తే కనిపించవు. కొన్నింటిని పేరు పెట్టి అడగాలి, కొన్నింటిని కాగితం మీద రాసి అడగాలి. ఏది ఎవరిని ఎలా అడగాలో తెలిపేందుకే ఈ వ్యాసం.

ముందుగా, మీరు వెళ్లదగిన గ్రంథాలయం ఏదో తేల్చుకోవాలి

పౌర గ్రంథాలయాల నిర్వహణ జిల్లా గ్రంథాలయ సంస్థల చేతిలో ఉంటుంది. జిల్లా ముఖ్య పట్టణంలో జిల్లా కేంద్ర గ్రంథాలయం, మండల కేంద్రాల్లోనూ పట్టణాల్లోనూ శాఖా గ్రంథాలయాలు, కొన్ని ఊళ్లలో గ్రామీణ గ్రంథాలయాలు, అవి లేనిచోట్ల కొద్దిపాటి పుస్తకాలను ఉంచి చదివించే పుస్తక నిక్షిప్త కేంద్రాలు ఉంటాయి. జిల్లాల సరిహద్దులు మారిన తరువాత మీ ఊరి శాఖ ఏ సంస్థ కిందికి వస్తుందో ఊహించుకోకుండా, గుమ్మం మీది బోర్డును చూసి రాసుకోండి. తరువాత అర్జీ పెట్టవలసి వస్తే ఆ చిరునామానే కావాలి.

వీటికి పైన పెద్ద గ్రంథాలయాలు కొన్ని ఉన్నాయి. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. రాజమహేంద్రవరంలో గౌతమీ ప్రాంతీయ గ్రంథాలయం ఉంది. సెస్సుతో సంబంధం లేకుండా సంఘాలు నెలకొల్పినవి మరికొన్ని: 1901లో హైదరాబాదులో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918 నుంచి వేటపాలెంలో నడుస్తున్న సారస్వత నికేతనం ఆ కోవలోనివే. రోజువారీ చదువుకు మీ శాఖ చాలు. పాత పత్రికలు, అరుదైన ముద్రణలు కావలసినవారు మాత్రమే ఈ రెండో వరుసకు వెళ్లాలి. ఈ తేడా తెలియక, ఊళ్లోనే దొరికే పుస్తకం కోసం హైదరాబాదు వెళ్లి వచ్చినవారిని నేనెరుగుదును.

వేళల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. చాలా శాఖా గ్రంథాలయాలు ఉదయం 8 నుంచి 11 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు తెరిచి ఉంటాయి; వారపు సెలవు సాధారణంగా శుక్రవారం. ఆదివారం అన్నీ మూసి ఉంటాయి కదా అన్న లెక్కతో ఇక్కడ కూడా వెనుదీయనక్కరలేదు. ఉద్యోగస్థులకు ఆదివారం ఉదయమే అనువైన సమయం. జిల్లా కేంద్ర గ్రంథాలయాల వేళలు ఇంతకంటే ఎక్కువగా ఉంటాయి కనుక, మధ్యాహ్నం తీరిక ఉన్నవారు అటు వెళ్లడం మంచిది.

సభ్యత్వం

గదిలో కూర్చుని చదువుకోవడానికి సభ్యత్వం అక్కరలేదు. లోపలికి వెళ్లగానే బల్ల మీద ఉండే పాఠకుల హాజరు పుస్తకంలో పేరు రాసి సంతకం చేస్తే సరిపోతుంది. ఈ సంతకాన్ని దయచేసి మానకండి. ఎంతమంది వస్తున్నారో పైవారికి చూపించేది ఆ పుస్తకమే. పత్రికలు పెంచమని, మరో ఫ్యాను వేయించమని రేపు మీరు అడిగినప్పుడు మీ మాటకు బలం చేకూర్చేదీ అదే.

పుస్తకాలను ఇంటికి తీసుకువెళ్లాలంటే మాత్రం సభ్యత్వం కావాలి. దరఖాస్తు ఫారం శాఖలోనే ఇస్తారు. దానికి ఆధార్ వంటి గుర్తింపు కార్డు నకలు, రెండు ఫోటోలు, తిరిగి ఇచ్చే ధరావతు సొమ్ము జతచేయాలి. కొన్నిచోట్ల స్థానికంగా తెలిసినవారి పూచీకత్తు సంతకం కూడా అడుగుతారు. అద్దె ఇంట్లో ఉన్నవారికి ఆధార్‌లో పాత చిరునామా ఉండడం మామూలే కనుక, ప్రస్తుత చిరునామాకు ఆధారంగా కరెంటు బిల్లునో, అద్దె ఒప్పందాన్నో వెంట తీసుకువెళితే రెండోసారి తిరిగే పని తప్పుతుంది. పిల్లల సభ్యత్వానికి తల్లిదండ్రులలో ఒకరు సంతకం చేయాలి. ధరావతు ఎంత, ఒకేసారి ఎన్ని పుస్తకాలు ఇస్తారు, ఎన్ని రోజులు ఉంచుకోవచ్చు అనే మూడు ప్రశ్నలను ఆ రోజే అడిగి, జవాబులను రసీదు వెనుక రాసుకోండి. రసీదును ఎక్కడో పారేసుకోకుండా సభ్యత్వ కార్డుతో పాటే భద్రపరచండి. ధరావతు తిరిగి తీసుకునేటప్పుడు మొదట అడిగేది దాన్నే.

కావలసిన పుస్తకాన్ని వెతకడం

పుస్తకాల వీపు మీద అతికించిన చీటీపై ఉండే అంకెలు విషయాన్ని బట్టి వేసిన వర్గీకరణ సంఖ్యలు. అన్నింటినీ గుర్తుంచుకోవలసిన పని లేదు. డ్యూయీ దశాంశ పద్ధతిని పాటించే గ్రంథాలయంలో తెలుగు భాషకు 494.827, తెలుగు సాహిత్యానికి 894.827, భారతదేశ చరిత్రకు 954 అని తెలిస్తే సగం గదిని చుట్టే శ్రమ తగ్గుతుంది. చిన్న శాఖల్లో మాత్రం ఈ అంకెల కంటే బీరువా మీద అతికించిన నవలలు, కథలు, కవిత్వం, ఆధ్యాత్మికం, బాలసాహిత్యం అనే పేర్లే ఎక్కువ ఉపయోగపడతాయి.

అంకెల కంటే అసలు చిక్కు రచయితల పేర్లతో వస్తుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. కేటలాగు రాసినవారు ఒకచోట ఇంటిపేరు కింద, మరోచోట అసలు పేరు కింద, కలం పేరుతో రాసినవారిని ఇంకోచోట చేర్చి ఉండవచ్చు. కనుక ఒక పేరు కింద కనబడనంత మాత్రాన పుస్తకం లేదని తీర్మానించకుండా, మూడు విధాలుగానూ చూడండి. అప్పటికీ దొరకకపోతే పుస్తకం పేరును, రచయిత పేరును ఒక చీటీ మీద రాసి గ్రంథపాలకునికి ఇవ్వండి. నోటితో చెప్పిన పేరు వినికిడిలో మారిపోతుంది, చీటీ మారదు. తాళం వేసిన బీరువాల్లోని పుస్తకాలను చూడాలన్నా ఇలాగే అడగాలి. తాళం ఉన్నది పుస్తకం పోకుండా ఉండడానికే తప్ప పాఠకుడికి ఇవ్వకుండా ఉండడానికి కాదు.

నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు, గెజెట్లు, పటాలు, వార్షిక సంచికలు సంప్రదింపు విభాగంలో ఉంటాయి. వీటిని ఇంటికి ఇవ్వరు. కొన్ని సంపుటాలుగా ఉండి, ఇంట్లో కొని పెట్టుకోవడానికి ఖరీదైనవి కూడా అక్కడే దొరుకుతాయి కనుక, పాత దస్తావేజులోని మాటకు అర్థం కావలసినా, పిల్లవాడి పాఠంలో పద్యానికి ప్రతిపదార్థం కావలసినా ఒక నోటుపుస్తకంతో వెళ్లి కూర్చోవడమే మార్గం. కావలసిన నాలుగైదు పేజీల నకలు తీయించుకోవచ్చునా అని అడగండి. సొంత చదువుకు, పరిశోధనకు తగిన మేరకు నకలు తీసుకోవడాన్ని 1957 నాటి కాపీరైటు చట్టం అనుమతిస్తుంది. పుస్తకం మొత్తాన్ని జిరాక్సు తీయించుకోవడం మాత్రం ఆ మినహాయింపులోకి వచ్చేది కాదు.

లేని పుస్తకాన్ని తెప్పించుకోవడం

పాఠకులు అతి తక్కువగా వాడుకునే హక్కు ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనదీ ఇదే. గ్రంథాలయాలకు పుస్తకాలు రెండు మూడు దారుల్లో వస్తాయి. సంస్థ తన నిధులతో కొనేవి కొన్ని. 1972లో కోల్‌కతా కేంద్రంగా ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానం సహాయంతో వచ్చేవి కొన్ని. దాతలు ఇచ్చేవి కొన్ని. ఈ కొనుగోళ్లలో పాఠకుల మాట వినబడాలంటే, కొనుగోలుకు ముందే ఆ మాట కాగితం మీద ఉండాలి.

గ్రంథాలయంలో సూచనల పుస్తకం ఉంటుంది. అది బల్ల మీద కనబడకపోతే అడిగి తెప్పించుకోండి. "మంచి పుస్తకాలు తెప్పించగలరు" అని రాసిన సూచనతో ఎవరూ ఏమీ చేయలేరు. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం, వెల, అది ఎవరికి ఏ విధంగా ఉపయోగపడుతుందో ఒక వాక్యం, మీ సభ్యత్వ సంఖ్య ఇవన్నీ రాయండి. ఉదాహరణకు: "మా మండలంలో మిరప సాగుచేసే రైతులు ఎక్కువ. చీడపీడల నివారణ గురించి తెలుగులో వచ్చిన ఈ కింది రెండు పుస్తకాలు శాఖలో లేవు, తెప్పించవలసిందిగా కోరుతున్నాము" అని రాసి, కింద అయిదారుగురు పాఠకులు సంతకాలు చేస్తే, అది ఒక వ్యక్తి కోరికగా కాక ఊరి అవసరంగా నమోదవుతుంది. అదే విన్నపాన్ని నకలు తీసి జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి కూడా పంపండి. కొనడం ఆలస్యమయ్యేలా ఉంటే, జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఉన్న ప్రతిని మీ శాఖకు కొంతకాలం పంపగలరేమో అడగండి. ఇది అన్నిచోట్లా జరుగుతుందని చెప్పలేము గాని, అడగనిచోట జరగదని మాత్రం చెప్పవచ్చు.

పుస్తకమే పాఠకుడి దగ్గరికి రావాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదపులివర్రుల మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయాన్ని నడిపారు. ఆ పడవ చేసిన పనిని నేడు పుస్తక నిక్షిప్త కేంద్రం చేయాలి. శాఖ లేని ఊరివారు పంచాయతీ భవనంలోనో, మరో అనువైన చోటనో ఒక గది, రోజూ తలుపు తీసే బాధ్యత తీసుకునే మనిషి, ఒక బీరువా ఉన్నాయని చూపించి, అటువంటి కేంద్రం కోసం సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పోటీ పరీక్షలకు చదివేవారు

ఈనాడు ఏ గ్రంథాలయంలోనైనా ఉదయం తలుపు తీయగానే వచ్చి కూర్చునేది వీరే. నిశ్శబ్దం, బల్ల, ఫ్యాను, చుట్టూ తనలాగే చదువుతున్నవారు ఉండడం వీరికి పుస్తకాలంత ముఖ్యం. సొంత పుస్తకాలను, ల్యాప్‌టాప్‌ను లోపలికి అనుమతిస్తారా, ఛార్జింగుకు వీలుందా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కనుక మొదటి రోజే అడగండి.

పోటీ పరీక్షల పుస్తకాల బీరువా దగ్గర ముద్రణ సంవత్సరం చూడనిదే ఏ పుస్తకమూ చేతిలోకి తీసుకోకండి. వర్తమాన వ్యవహారాలకు, ఆర్థిక సర్వేలకు, పథకాల వివరాలకు నాలుగేళ్ల నాటి పుస్తకం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. చరిత్ర, భూగోళం, రాజ్యాంగ మూలసూత్రాలకు పాతదైనా పరవాలేదు. తెలుగు అకాడమి పుస్తకాలు, పాఠశాల పాఠ్యపుస్తకాలు ఉన్నాయేమో చూడండి. లేకపోతే సూచనల పుస్తకంలో మొదట రాయవలసినవి అవే. ఉద్యోగ ప్రకటనల పత్రికలను, దినపత్రికల పాత ప్రతులను కొంతకాలం కట్టలు కట్టి ఉంచుతారు. ఆరు నెలల సంపాదకీయాలను తేదీల వారీగా చదవాలనుకునేవారు ఆ కట్టలను అడిగితే, నెలనెలా సంకలనాలు కొనే ఖర్చు మిగులుతుంది. తీసిన కట్టను తేదీల వరుస చెడకుండా తిరిగి పెట్టడం మాత్రం మన బాధ్యత. వరుస తప్పిన ప్రతి ఉన్నా లేనట్టే.

పిల్లలు, చూపు సమస్య ఉన్నవారు

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం వంటి పోటీలు ఆ వారంలోనే పెడతారు కనుక అక్టోబరు చివరలోనే వెళ్లి కార్యక్రమాల పట్టిక అడగండి. వేసవి సెలవుల్లో కథలు చదివించే శిబిరాలు చాలాచోట్ల నిర్వహిస్తారు. పిల్లలను చేర్పించి వదిలేయడం కంటే, ఒక గంట వారి పక్కనే కూర్చుని మీరూ ఏదో ఒకటి చదవడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

అంధులకు, ముద్రిత అక్షరాన్ని చదవలేని వైకల్యం ఉన్నవారికి 2016లో ప్రారంభమైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. తగిన ధ్రువపత్రంతో నమోదైతే, తెరపాఠకం (స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్) చదివి వినిపించగల రూపంలో భారతీయ భాషల పుస్తకాలు లభిస్తాయి. మీ ఊరి గ్రంథాలయంలోని కంప్యూటరు మీద ఈ నమోదు పని చేసిపెట్టమని కోరవచ్చు.

పాత పత్రికలు, అరుదైన పుస్తకాలు, ఇంటర్నెట్ ప్రతులు

తాతగారి కాలం నాటి పత్రికలో వచ్చిన వ్యాసం కోసమో, ఊరి చరిత్ర కోసమో వెతికేవారు ప్రయాణానికి ముందు ఇంటర్నెట్‌లో వెతకడం మంచిది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయించి ఉంచింది. ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహించే జాతీయ డిజిటల్ గ్రంథాలయంలో ఉచితంగా నమోదు కావచ్చు. భారత డిజిటల్ గ్రంథాలయ పథకం కింద స్కాన్ అయిన తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. చిక్కల్లా, వాటి పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు నమోదు చేయడంలో ఉంది. 'శ'ను ఒకరు ఎస్‌తో, మరొకరు ఎస్‌హెచ్‌తో రాశారు; దీర్ఘానికి ఒకరు ఒక ఏ, ఇంకొకరు రెండు ఏలు పెట్టారు; 'చరిత్ర' చివర 'ము' ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. పేరులోని ఒకే ఒక గట్టి మాటను తీసుకుని నాలుగు రకాల వర్ణక్రమాలతో వెతికితే, పూర్తి పేరుతో దొరకని పుస్తకం దొరుకుతుంది.

అక్కడా లేకపోతే వేటపాలెం, అఫ్జల్‌గంజ్, గౌతమి. మద్రాసు కన్నెమరా గ్రంథాలయాన్ని కూడా మరవకూడదు. 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం ప్రకారం ప్రచురణకర్తలు తమ పుస్తకాల ప్రతిని పంపవలసిన గ్రంథాలయాలలో అది ఒకటి. వెళ్లేముందు ఉత్తరమో, ఫోనో చేసి కావలసిన పత్రిక పేరు, నెల, సంవత్సరం చెప్పండి. వారు బయటికి తీసి ఉంచితే మీకు ఒక పూట కలిసివస్తుంది. ఏళ్లు గడిచిన కాగితం వేలు తగిలితే విరుగుతుంది. ఉమ్మి తడితో పేజీలు తిప్పకూడదు, సంపుటాన్ని జిరాక్సు యంత్రం మీద బోర్లించి నొక్కకూడదు. అనుమతి తీసుకుని, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసుకోవాలి.

గడువు దాటినా, పుస్తకం పోయినా, తలుపు మూసి ఉన్నా

గడువు దాటితే రోజుకు ఇంతని జరిమానా ఉంటుంది. ఇంకా చదవవలసి ఉంటే, గడువుకు ఒకరోజు ముందే వెళ్లి మరొకరు అడగనంత వరకు పొడిగించమని కోరండి. పుస్తకం పోయినప్పుడు దాచకుండా చెప్పి, అదే ముద్రణ ప్రతిని కొని ఇవ్వడానికి అనుమతి అడగడం తేలిక మార్గం. నాలుగు సంపుటాల గ్రంథంలో మూడో సంపుటాన్ని నేనొకసారి రైల్లో మరిచిపోయాను. విడిగా ఒక సంపుటం అమ్మరన్నారు. మొత్తం వెల కట్టవలసి వచ్చింది. మిగిలిన మూడూ గ్రంథాలయంలోనే ఉండిపోయాయి. అప్పటినుంచి సంపుటాల గ్రంథాలను గదిలోనే చదువుతున్నాను.

వేళకు తెరవకపోవడం, పత్రికలు ఆగిపోవడం, పైకప్పు కారి పుస్తకాలు తడవడం వంటివి కనిపిస్తే ముందు గ్రంథపాలకునితోనే మాట్లాడండి. ఒకే మనిషి రెండు మూడు శాఖలను చూడవలసి రావడం, పైనుంచి నిధులు రాకపోవడం అసలు కారణమై ఉండవచ్చు. జనం కట్టిన సెస్సును స్థానిక సంస్థ జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయకుండా బకాయి పెట్టడం తరచుగా వినబడే మాటే. అటువంటప్పుడు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద రెండు దరఖాస్తులు పెట్టండి: గత మూడేళ్లలో సెస్సుగా ఎంత వసూలైంది, అందులో ఎంత జమచేశారు అని మునిసిపాలిటీకి, ఎంత అందింది, మీ శాఖలో పుస్తకాలకూ పత్రికలకూ ఎంత ఖర్చుచేశారు అని జిల్లా గ్రంథాలయ సంస్థకు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి. రెండు జవాబులను పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉంటే దానితోనే కౌన్సిలర్ దగ్గరికి వెళ్లండి.

ఇంట్లోని పాత పుస్తకాలను ఇవ్వదలచినవారు సంచులతో తెచ్చి గుమ్మంలో దించకుండా, ముందుగా పేర్ల జాబితా రాసి చూపించాలి. చినిగినవి, పాఠ్యప్రణాళిక మారిపోయినవి ఇస్తే ఆ బీరువా మరో మంచి పుస్తకానికి చోటు లేకుండా నిండుతుంది. ఇక బదిలీ మీదనో, మరో కారణంతోనో ఊరు మారేటప్పుడు, సామాను సర్దే ముందు ఇంట్లోని గ్రంథాలయ పుస్తకాలన్నిటినీ తిరిగి ఇచ్చి, బాకీ లేదని కార్డు మీద రాయించుకుని, రసీదు చూపి ధరావతు తీసుకోండి. కొత్త ఊళ్లో దరఖాస్తుతో పాటు కట్టవలసిన మొదటి సొమ్ముకు అది పనికివస్తుంది.